గొంగడి కింది పిల్ల

బుగ్గమ్మకు చెయ్యి ముందు, ఆలోచన వెనక. ఊళ్ళో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. కోట్‌పల్లి ప్రాజెక్టు వెనకున్న చేలల్లో మంద వేసి ఉన్నప్పుడు వాన మొదలైందంటే, మగవాళ్ళు మబ్బు వంక చూసి "పడతదా, పోతదా" అని తర్కం పెట్టుకునేలోపు ఆమె అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను ఎత్తి, గొంగడిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూచునేది. ఆమె పెనిమిటి బిచ్చయ్య కూడా గొర్ల కాపరుల్లో పేరున్నవాడే. అయినా మందలో పిల్లలు దక్కాయంటే అది బుగ్గమ్మ చేతి చలవేనని నలుగురిలో అనేవాడు. ఇంట్లో మాత్రం అనేవాడు కాదు.

ఆ గొంగడి ఆమె కాపురానికి వచ్చిన ఏడాది సొంత గొర్ల బొచ్చుతో నేయించింది. నల్లది, బరువైనది, తడిస్తే మంద మొత్తం ఇంట్లోకి వచ్చినట్టు వాసన వేసేది. గొంగడి పరుచుకున్నవాళ్ళ దగ్గరికి తేలూ పామూ రావని వాళ్ళలో ఒక నమ్మకం. బుగ్గమ్మ అందరికన్నా రెండాకులు ఎక్కువే చదివింది. "గొంగడి కింద పెట్టినంక యముడికి గూడ కనపడదు" అనేది. ఆమెతో వాదించేంత తీరిక ఎవరికీ లేదు కాబట్టి ఆ మాట అట్లాగే నిలబడిపోయింది.

కొడుకు విజయ్‌కుమార్ గొర్ల వెంట పోలేదు. తాండూరులో నాపరాళ్ళకు పాలిష్ పట్టే చోట మిషన్ నడుపుతాడు. పొద్దున బండి మీద పోయి సాయంత్రానికి కనుబొమ్మల దాకా దుమ్ము పట్టి తిరిగొస్తాడు. వాడి పెద్దబిడ్డ పూజిత, మూడో తరగతి. కోడలు దేవిక చంటివాడితో సతమతమవుతుంటే పూజిత నాయినమ్మ పక్కలో చేరింది. అందుకే ఆ జబ్బు మొదటిసారి వచ్చినప్పుడు చూసింది బుగ్గమ్మే.

చూసింది అనడం కూడా సరికాదు. మధ్యాహ్నం కునుకు తీసి లేస్తున్న పిల్ల గొంతులో గురగురమని చప్పుడు వచ్చింది, మూతి ఒక పక్కకు గుంజుకుంది. ముసలామె చూసింది అంతే. చెయ్యి ముందు కదా, తల నుంచి కాళ్ళ దాకా గొంగడి కప్పేసింది. కప్పి, మీద వాలి, లోపల పిల్ల అదురుతుంటే పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి అదురు ఆగింది. గొంగడి తీస్తే పూజిత చెమటతో, బిత్తర చూపులతో, ఏమీ ఎరగనట్టు కూచుంది.

కప్పింది, తగ్గింది. బుగ్గమ్మకు ఇంకేం సాక్ష్యం కావాలి? కోడి కూసింది కాబట్టే తెల్లారిందని నమ్మేవాళ్ళను ఆమె ఎగతాళి చేసేది గానీ, తన కోడి సంగతి తనకు తెలియలేదు. ఎవరైనా ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతిలో తాళాల గుత్తి పెట్టాలంటే "ఇనుము పట్టుకుంటే తగ్గేటట్లుంటే కమ్మరోళ్ళకు ఏ రోగం రావొద్దు కదా" అని నవ్వేది. ఆ తర్వాత పూజితకు ఎప్పుడు వచ్చినా, అంటే నిద్రలోకి జారుతున్నప్పుడో నిద్ర లేస్తున్నప్పుడో, గొంగడి పడాల్సిందే.

నమ్మకం ఒకటే కాదు, దాని కింద భయం ఉంది. బుగ్గమ్మ పుట్టింది దోమ అనే ఊరికి దగ్గరి పల్లెలో. ఆమెకు బీరయ్య అని తమ్ముడు ఉండేవాడు. వాడికీ మూర్ఛ వచ్చేది. బడిముందు, బావి దగ్గర, పెళ్ళి పందిట్లో, ఎక్కడ పడితే అక్కడ పడిపోయేవాడు, జనం గుంపు కట్టి చూసేవాళ్ళు. కొన్నాళ్ళకు వాడి పేరు ఊరు మరిచిపోయింది. "మూర్ఛోడు" అంటేనే ఎవరికైనా తెలిసేది. ఒకరోజు గొర్లకు నీళ్ళు పెట్టడానికి పోయి కుంటలో పడ్డాడు. చచ్చాక కూడా "మూర్ఛోడు పోయిండట" అన్నారు గానీ బీరయ్య పోయాడని ఒక్కరూ అనలేదు. ఆ కోపం బుగ్గమ్మకు ఇప్పటికీ చల్లారలేదు. తన మనుమరాలి పేరు ఎవడూ అట్లా మార్చకూడదు. అందుకే కప్పడం. కప్పినప్పుడల్లా తమ్ముడు గుర్తొచ్చి, "ఓ బీరయ్యా, నీ లెక్కనే నా బిడ్డ గూడ పోతదా" అని గొంగడి మీద పడి ఏడ్చేది. సోయి లేని పిల్లకు ఏం వినబడుతుందిలే అనే ధైర్యం.

దాచింది ఎన్నాళ్ళు దాగుతుంది? ఒకరోజు బడిలో డెస్కు మీద తల వాల్చి కునుకు తీసిన పిల్లకు అక్కడే వచ్చింది. టీచరు హడలిపోయి, డాక్టరు సంగతేమిటో తేల్చేదాకా బడికి పంపొద్దని చెప్పింది. విజయ్‌కుమార్ బిడ్డను తాండూరులో ఒక డాక్టరుకు చూపించాడు. ఎట్లా మొదలవుతుంది, ఏ పక్క లాగుతుంది, కళ్ళు తెరిచి ఉంటాయా మూసి ఉంటాయా, పిలిస్తే పలుకుతుందా అని ఆయన అడిగాడు. విజయ్‌కుమార్ తన తల్లి వంక చూశాడు. బుగ్గమ్మ గోడ వంక చూసింది. ఎవరు చూశారు గనక? రెండేళ్ళుగా అన్నీ గొంగడి కిందే జరిగాయి. పాపం ఆ డాక్టరు మాత్రం ఏం చేస్తాడు, చీకట్లో గురి చూసినట్టు ఒక మందు రాశాడు. దాంతో పిల్ల పొద్దంతా మత్తుగా జోగింది. జోగిన కొద్దీ కునుకులు ఎక్కువయ్యాయి, కునుకుల అంచున ఫిట్స్ కూడా ఎక్కువయ్యాయి.

చివరికి వికారాబాద్‌లో పిల్లల నరాల డాక్టరు ప్రియదర్శిని దగ్గర తేలారు. ఆమె కూడా అవే ప్రశ్నలు వేసింది, అవే గోడచూపులు చూసింది. చూసి, "అయితే మనమే చూద్దాం" అంది. తలకు వైర్లు అంటించి మెదడు అలలు గీతలు గీస్తుంటే, పక్కనే కెమెరా పిల్లను వీడియో తీస్తూ ఉంటుందట. ఫిట్స్ వచ్చిన క్షణంలో గీతలు ఏం చెబుతున్నాయో, ఒళ్ళు ఏం చేస్తోందో రెండూ కలిపి చూడాలి. "కొన్ని రకాలు పెద్దయ్యేకొద్దీ వాటంతటవే పోతాయి. కొన్ని రకాలు ముదిరితే మెదడునే దెబ్బ తీస్తాయి. ఇది ఏ రకమో తెలియకుండా నేను మందు రాయను" అంది డాక్టరు. ఆ మాటతో బుగ్గమ్మకు ముద్ద దిగలేదు. ఏ రకం? బీరయ్య రకమేనా?

పరీక్షకు కోడలు చిన్నవాడితో కదలలేదు కాబట్టి తల్లీకొడుకులే పూజితను తీసుకుని వికారాబాద్ బస్సెక్కారు. ముందురోజు పిల్లను తక్కువ నిద్రపోనివ్వమన్నారు, తలకు షాంపూ పెట్టి, నూనె మాత్రం చుక్క కూడా రాయొద్దన్నారు. దేవిక అన్నీ చెప్పినట్టే చేసింది. తీరా ఆస్పత్రిలో వైర్లు అంటించే రెబెక్క పిల్ల జడ విప్పి చూస్తే చెయ్యి జిడ్డయింది.

"నూనె వద్దన్నం కదా పెద్దమ్మా?"

"నూనె కాదు బిడ్డా. జర తడి చేత్తోని నిమిరిన" అంది బుగ్గమ్మ. ఆ తడి కొబ్బరినూనె తడి. పట్నం పోయే పిల్లను ఎండిన తలతో తీసుకుపోతే దిక్కులేని పిల్ల అనుకోరూ? రెబెక్క నవ్వాపుకుంటూ పూజితను కొళాయి దగ్గరికి తీసుకుపోయి మళ్ళీ తలంటింది. తుడిచి, ఆరబెట్టి, తెల్లటి పేస్టుతో ఒక్కో వైరూ అంటించి, పైన గుడ్డ చుట్టింది. పిల్ల అద్దంలో చూసుకుని మురిసింది. నాయినమ్మ మాత్రం మురవలేదు.

గదిలో ఒక మంచం, గోడకు పైన కెమెరా. పక్క గదిలో తెర ముందు రెబెక్క కూచుంటుంది, మధ్యలో అద్దం ఉంది. గొంగడి లేందే పిల్లకు నిద్ర రాదని బుగ్గమ్మ పట్టుబడితే, రెబెక్క నడుం దాకా కప్పడానికి ఒప్పుకుంది. "మొఖం మాత్రం కెమెరాకు కనపడాలె పెద్దమ్మా. ఏమన్న అయితే నన్ను పిలువు, పిల్లను ముట్టకు" అంది. బుగ్గమ్మ సరేనంది, మనస్ఫూర్తిగానే అంది.

పొద్దున్నంతా పూజిత బొమ్మలకు రంగులు వేసింది. అన్నం తిన్నాక కళ్ళు వాలాయి. ఇంకా గాఢంగా పట్టకముందే గొంతులో ఆ గురగుర మొదలైంది, మూతి కొస అదిరింది.

రెబెక్క లేచి తలుపు తీసేసరికి మంచం మీద పిల్ల లేదు, నల్లటి కుప్ప ఉంది. కుప్ప మీద వాలి బుగ్గమ్మ ఏడుస్తోంది.

"తియ్యి పెద్దమ్మా, తియ్యి!"

తీసేసరికి అయిపోయింది. డాక్టరు వచ్చి తెర మీద చూసింది. గీతలు లేచి పడుతున్నాయి, ఎక్కడినుంచి లేచాయో కూడా తెలుస్తోంది. పక్కన వీడియోలో మాత్రం గొంగడి, దాని మీద బుగ్గమ్మ కొప్పు. "గీతలు సగం చెప్పాయి. పిల్లకు తెలివి ఉందా, ఏ కండరం ముందు లాగిందనేది చూడనేలేదు. ఇంకోసారి వస్తుందేమో ఉండి చూద్దాం" అంది డాక్టరు. కోప్పడలేదు. కానీ ముసుగు వేసి అదిమితే ఊపిరాడక పిల్లకు అసలుకే మోసం వస్తుందని చెప్పింది. అది కోపం కన్నా గట్టిగా తగిలింది.

విజయ్‌కుమార్ ఊరుకోలేదు, తల్లి మీద లేచాడు. "అవ్వా, ఇంత దూరం వచ్చి గిదేనా చేసుడు? పిల్ల బాగుపడుడు నీకు ఇష్టం లేదా ఏంది?"

మామూలుగా అయితే ఆ మాటకు బుగ్గమ్మ నాలుగు తగిలించేది. ఆరోజు మాత్రం, "నేను కప్పలేదురా. నా చెయ్యి కప్పింది" అంది. అది సాకు కాదు, ఉన్నమాటే. సాకులాగా వినబడిందని ఆమెకూ తెలిసింది. తన చేతిని తనే మొదటిసారి అనుమానంగా చూసుకుంది. ఇన్నాళ్ళూ ఇది కాపాడిందా, ఊపిరి తీయబోయిందా?

లేచి గొంగడి మడిచి కొడుకు చేతిలో పెట్టింది. "ఇది పట్టుకొని బయటికి పో. నేను పిలిచి అడిగినా లోపలికి తేకు" అంది. తర్వాత రెబెక్కను పిలిచింది. "బిడ్డా, నన్ను గూడ బయటికి పొమ్మంటవా?"

రెబెక్క మంచం మీది పిల్ల వైపు చూసింది. "వద్దు పెద్దమ్మా. నువ్వు లేకుంటే అది పండుకోదు. కానీ చేతులు…"

"చేతుల సంగతి నేను చూస్కుంట" అంది బుగ్గమ్మ. మంచం కాళ్ళ దిక్కున ఇనుప కమ్మీ ఉంటే రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడింది. తాళాలను ఎగతాళి చేసిన మనిషి ఇనుము పట్టుకుని నిలబడిందని నవ్వుకునే స్థితిలో ఆమె లేదు.

పిల్ల మళ్ళీ నిద్రపోయింది. ఈసారి గాఢంగానే పోయింది. ఎండ కిటికీ దాటిపోయింది. పూజిత ఒత్తిగిలి, కళ్ళు తెరవబోయి, ఆగిపోయింది.

ఎడమ పక్క పెదవి కొస ఎవరో దారంతో లాగుతున్నట్టు అదరడం మొదలైంది. అక్కడినుంచి చెంప, చెంప నుంచి గడ్డం. నోటి పక్కనుంచి చొంగ కారింది. గొంతు గురగురమంది. బుగ్గమ్మ చేతులు కమ్మీని వదల్లేదు. వదలకుండా చూసింది. రెండేళ్ళలో మొదటిసారి చూసింది. పిల్ల కళ్ళు తెరిచి ఉన్నాయి. తేలిపోయిన కళ్ళు కావు, తెల్లగుడ్లు కావు. తిన్నగా నాయినమ్మనే చూస్తున్నాయి.

రెబెక్క వచ్చి మంచం పక్కన వంగింది. పిల్లను మెల్లగా పక్కకు తిప్పింది. "పూజితా, నేను మాట్లాడేది ఇనపడుతుందా? కుడి చెయ్యి ఎత్తు."

కుడి చెయ్యి లేచింది.

బుగ్గమ్మ నోరు తెరుచుకుంది.

"మంచిగ ఎత్తినవు. ఇప్పుడు ఒక మాట చెప్త, గుర్తు పెట్టుకో. సీతాఫలం. తర్వాత అడుగుత."

అదురు చెంప దాటి ఎక్కడికీ పోలేదు. మెల్లగా సన్నగిల్లి, ఆగింది. పూజిత నోరు తుడుచుకుంది. ఏదో అనబోతే నాలుక మొద్దుబారినట్టు ముద్దముద్దగా వచ్చింది. కాసిని నీళ్ళు తాగాక రెబెక్క అడిగింది, "నీకు నేనేం చెప్పిన?"

"సీతాఫలం" అంది పిల్ల.

"దీనికి సోయి ఉన్నదా?" బుగ్గమ్మ గొంతు ఆమెకే కొత్తగా వినబడింది.

"మొత్తం ఉంది పెద్దమ్మా. మాట ఒక్కటే రాదు."

సాయంత్రం డాక్టరు తల్లీకొడుకులిద్దరినీ కూచోబెట్టి వీడియో చూపిస్తూ చెప్పింది. ఇది బడి వయసు పిల్లల్లో చాలామందికి వచ్చే రకం. నిద్ర అంచుల్లో వస్తుంది, మూతినీ నాలుకనూ పట్టుకుంటుంది, మెదడును తినదు. పెద్దపిల్ల అయ్యేసరికి ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పాత మందు మెల్లగా తగ్గించి వేరేది ఇస్తుంది. పిల్ల బడికి పోవచ్చు. నీళ్ళ దగ్గరికీ, మిద్దెల మీదికీ ఒంటరిగా పంపకుండా, నిద్ర చెడకుండా చూసుకోవాలి. వచ్చినప్పుడు పక్కకు తిప్పి ఆగేదాకా దగ్గర ఉంటే చాలు.

"మా తమ్మునిది గిదేనా డాక్టరమ్మా?" అని అడిగింది బుగ్గమ్మ, బీరయ్య సంగతంతా చెప్పి. పోయిన మనిషి సంగతి తను చెప్పలేననీ, విన్నదాన్ని బట్టి అది వేరే రకంలాగే ఉందనీ అంది డాక్టరు. "పూజితది మాత్రం ఇదే. నేను చూశాను. మీరూ చూశారు."

విజయ్‌కుమార్ ముఖం కడుక్కునే నెపంతో బయటికి పోయి ఏడ్చి వచ్చాడు. బుగ్గమ్మ ఏడవలేదు. రెండేళ్ళ నుంచి గుండె మీద మోస్తున్న బండ దిగింది, అంతే. రెబెక్క జిగురు కడిగిన పిల్ల తల తుడిచి, "ఇప్పుడు నూనె పెట్టుకో పెద్దమ్మా, నీ ఇష్టం" అంటే బుగ్గమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

తిరుగు బస్సులో విజయ్‌కుమార్ ముందు సీటులో నిద్రపోయాడు. కిటికీ పక్కన కూచున్న పూజితను బుగ్గమ్మ అడగలేక అడగలేక అడిగింది. "బిడ్డా, గా అదురు వచ్చినప్పుడల్ల నీకు అంత ఇనపడుతదా?"

"ఇనపడుతది."

"గొంగడి కింద గూడనా?"

"ఆఁ. చీకటుంటది. నువ్వు ఏడుస్తవ్. బీరయ్య లెక్క పోతదా అంటవ్. పోతనా నాయినమ్మా అని అడుగుదామనుకుంట. మాట రాదు."

"మరి తగ్గినంక అడగకపోతివి?"

పిల్ల కిటికీలోంచి బయటికి చూసింది. "పోతవు అంటవేమోనని."

గొర్రెపిల్లల మీద ఈగ వాలనివ్వని మనిషి, సొంత మనుమరాలిని చీకట్లో పెట్టి చావు కబురు చెబుతూ వచ్చింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. "పోవు బిడ్డా. డాక్టరమ్మ టీవీల చూపించి చెప్పింది. నువ్వు పెద్దగయితవ్, గా అదురు పోతది. నువ్వు పోవు, గదే పోతది. నా మీద ఒట్టు."

పూజిత నాయినమ్మ ఒళ్ళోంచి తల ఎత్తింది. "మరి ఈసారి వచ్చినప్పుడు గిదే చెప్పు" అంది. "నాకు ఇనపడుతది."

కొత్త మందు పట్టేలోపు ఇంకోసారి రానే వచ్చింది. పూజిత మళ్ళీ బడికి పోతున్న రోజులవి. ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు అరుగు మీద కునుకు తీసి లేస్తుంటే మూతి కొస అదిరింది. వీధంతా మనుషులే. బియ్యం చెరుగుతున్న ఆడవాళ్ళు చాటలు కింద పెట్టి లేచి వచ్చారు. బుగ్గమ్మ పిల్లను పక్కకు తిప్పింది, కొంగుతో చొంగ తుడిచింది, చెయ్యి పట్టుకుంది. ముఖంలో ముఖం పెట్టి, అందరికీ వినబడేంత గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. "ఏం కాదు పూజితా. మూతి ఒక్కటే ఆడుతున్నది, చూస్తనే ఉన్న. నువ్వు పోవు, గదే పోతది. రేపు బడికి పోతవు."

గుంపులోంచి ఒకామె జాలిపడింది. "ఎవరితోని మాట్లాడుతున్నవే బుగ్గమ్మా, సోయి లేని పిల్లతోని?"

"సోయి లేనిది మనకు" అంది బుగ్గమ్మ, పిల్ల మీంచి కళ్ళు తిప్పకుండా. "దానికి అంత ఇనపడుతది. దాని పేరు పూజిత. మంచి మాట ఏమన్న ఉంటే నువ్వు గూడ వచ్చి చెప్పు."

ఆమె మొహమాటపడుతూ దగ్గరికి వచ్చింది. ఏం చెప్పాలో తోచక, "మా ఇంట్ల పెసర గారెలు చేస్తున్న పూజితా, తగ్గినంక రా" అంది.

అదురు ఆగింది. పూజిత లేచి కూచుని, నోరు తుడుచుకుని, నాలుక తిరగడం కోసం కాసేపు ఆగి, ముద్దముద్దగా అడిగింది: "గారెలు తమ్మునికి గూడ తేవాల్నా?"